రెండో చెయ్యి, నాలుగో మూల

స్వెటర్‌కి రెండో చెయ్యి అల్లడానికి నాకు మార్చి నుంచి డిసెంబరు 31 దాకా పట్టింది. అల్లిక రెండు రాత్రుల పనే, మిగతాదంతా బద్ధకం. తీరా ఆఖరి వరస బిగుతుగా ముగించేసరికి అందులో నా చెయ్యి దూరలేదు. విప్పి, ఒక సైజు లావు సూదితో మళ్లీ ముగించాను. వేలాడే ఊలు కొసల్ని అల్లికలోకి దూర్చి దాచడమంటే మాత్రం నాకు పరమ చిరాకు. 17 కొసలు! రంగు మార్చినప్పుడల్లా అప్పటికప్పుడు దాచేసుంటే ఈ బాధ ఉండేదా?

బొంతకి అంచు పట్టీ ఒక్కటే మిగిలింది. 2.5 అంగుళాల పట్టీని నిలువునా మడిచి, ముందు వైపు మిషన్ మీద కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో కుట్టాను. మూడు మూలలు చక్కగా కుదిరాయి. నాలుగోది కాస్త ఉబ్బింది, వదిలేశాను. జనవరి 2న ఉతికి ఆరేస్తే బట్టంతా ముడతలు పడి, ఆ ఉబ్బు ఎక్కడుందో నాకే కనపడలేదు.