చీకటిని ముందే కోసేసిన పిల్ల

కాజీపేటలో రైలు దిగేసరికి సంచి బరువుకి భుజం పీకుతోంది. అందులో లినోలియం పలకలు, ఉలులు, రెండు రోలర్లు, మూడు డబ్బాల రంగు. హనుమకొండ ఉన్నత పాఠశాల ఒకదానిలో తొమ్మిదో తరగతి పిల్లలకి ఒకే పలకతో రంగు మీద రంగు అచ్చు వేయడం నేర్పమని డ్రాయింగు మాస్టారు పిలిచారు. చేతిలో ఉన్నది మూడు రోజులు.

మొదటి రోజు పలకల జోలికే పోలేదు. పొద్దున్నే ఖిలా వరంగల్ వెళ్ళాం. స్వయంభూ ఆలయ శిథిలాలకి నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. రాష్ట్ర చిహ్నంలో పిల్లలు చూస్తూ పెరిగిన బొమ్మే అది. కానీ చిహ్నంలో ఉన్నవి గీతలు, ఎదురుగా ఉన్నది రాయి. ఏటవాలు ఎండలో తామరమొగ్గ ఒక వైపు తెల్లగా మెరుస్తోంది, దాని కిందుగా నీడ నల్లగా దిగింది. "శిల్పం గీయకండి. ఎండ, సగం నీడ, చీకటి, ఈ మూడే గీయండి" అన్నాను. ఈ పద్ధతికి ప్రాణం అదే.

పలక మీద కోసిన చోట రంగు అంటదు. అందుకే ముందు తెల్లగా మిగలాల్సిన చోట్లు కోసి, అన్ని కాగితాల మీదా పసుపు వేస్తాం. తర్వాత పసుపుగా మిగలాల్సినవి కోసి, గోధుమరంగు. చివర అదీ కోసి, నలుపు. ప్రతి రంగుకీ పలక కొంత తరిగిపోతుంది. మొదటి రంగు నాడు ఎన్ని కాగితాలు వేస్తే అన్నే, తర్వాత ఒక్కటి పెంచలేం. "అచ్చంటే జిరాక్స్ కాదా సార్?" అన్నాడొకడు. అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ ఎచింగులతోనే, అంటే లోహపు పలక మీద ఆమ్లంతో గీతలు తొలిచి తీసే అచ్చులతోనే, దేశమంతా పేరు తెచ్చుకున్నారని చెప్పాను. అచ్చుతో కూడానా అని నోళ్ళు తెరిచారు.

రెండో రోజు పొద్దున పలకలు గట్టిగా ఉన్నాయి. అవిసె నూనె, బెరడు పొడి కలిపి గోనెగుడ్డ మీద పరిచిన సరుకది, ఎండ తగిలితే మెత్తబడుతుంది. గోడ మీద కాసేపు ఆరబెడితే ఉలి వెన్నలో దిగినట్టు దిగింది. అచ్చు యంత్రం లేదు. గరిటె వెనకవైపుతో కాగితాన్ని రుద్దడమే. ఫ్యాను వేస్తే గాజుపలక మీదే రంగు ఎండిపోతోందని ఆపేశాం, అందరం చెమటలు కక్కాం. రోలర్ కింద రంగు చిరచిరమంటే సరిగ్గా పరుచుకున్నట్టు. ఆ చప్పుడు కోసం గదంతా ఊపిరి బిగబట్టి వినడం నాకు భలే ఇష్టం.

రెండో రంగు మొదటిదాని మీద సరిగ్గా కూర్చోవడానికి అట్టముక్కతో మూల కట్టించాను. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి పిల్లాడికి అది చెప్పాల్సిన పనే పడలేదు. "పోగు తప్పితే మా తాత మళ్ల ఇప్పుతడు సార్" అంటూ పక్కవాళ్ళ కాగితాలు కూడా సర్దాడు.

మధ్యాహ్నం ఒకమ్మాయి ఏడుపు గొంతుతో వచ్చింది. "సార్, చీకటిని కోసేసిన." తోరణం మధ్య ఖాళీని ఆఖరున నల్లగా చేయాలి. పసుపు కాగానే దాన్నే తవ్వేసింది. పది కాగితాలూ పోయాయి. తప్పు నాది. కోయకూడని చోట్లని ముందే స్కెచ్‌పెన్నుతో పలక మీద నింపించి ఉండాల్సింది. అప్పటికప్పుడు అందరిచేతా ఆ పని చేయించాను. ఆమెకి కొత్త పలక ఇచ్చాను. టైము చూసుకుని తనే నాలుగు కాగితాలు చాలంది.

మూడో రోజు సాయంత్రం, నేను సంచి సర్దుకుంటుంటే నలుపు వేసింది. నాలుగూ బాగా దిగాయి. కింద పెన్సిల్‌తో 1/4, 2/4 అని, అంటే నాలుగింట్లో ఒకటోది, రెండోది అని వరసగా రాసుకుంది. నాకొకటి ఇస్తావా అని అడిగాను.

"నాలుగే ఉన్నయ్ సార్. అమ్మకొకటి, నాయనమ్మకొకటి, బడికొకటి, నాకొకటి." కాస్త ఆలోచించి పాత కాగితాల్లోంచి ఒకటి తీసింది. "గిది తీస్కపోండి."

ఒక్క పసుపు మాత్రమే పడిన తోరణం. వార్తాపత్రికలో చుట్టి, సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకున్నాను.