పాత ముక్క తెండి, పేరెందుకు

పర్లాకిమిడిలో మా మోటారు వైండింగు కొట్టుకి పాతపట్నం వైపు రైతులు ఎక్కువ వస్తారు. "బాబూ, లోపల గుండ్రంగా తిరుగుతాదే, అది కావాల" అంటారు. పేరు నాకొద్దు, పాత ముక్క తెస్తే చాలు.

ఆ తిరిగేది బేరింగైతే, దాని అంచుని కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే 6203 అని కనిపిస్తుంది. అంటే లోపలి బెజ్జం 17 మిల్లీమీటర్లు, బయట 40, మందం 12. ఏ కంపెనీదైనా ఇదే కొలత. పక్కన జడ్‌జడ్ ఉంటే రెండువైపులా రేకు మూత, 2ఆర్ఎస్ ఉంటే రబ్బరు. పొలం మోటారుకి నేనైతే రబ్బరుదే ఇస్తాను, రేటు గురించి గొణిగినా సరే. అంకె చెరిగిపోయిందా, ఇక సన్నని కొలతలు తీసే వెర్నియరే గతి.

పైపులతోనే తంటా. అరంగుళం పైపు మర బయట కొలిస్తే దాదాపు 21 మిల్లీమీటర్లు! స్కేలు పెట్టి చూసి, ముప్పావు అంగుళమనుకుని ఆ సైజు సాకెట్టు, అంటే పైపులు కలిపే ముక్క, అడుగుతారు. పైపు ముక్క కూడా పట్టుకు రమ్మంటాను.