అట్ట లేని నవల

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర పాత పుస్తకాల గుట్టలో అరవై రూపాయలకి దొరికింది, రష్యన్ రచయిత దాస్తోయెవ్‌స్కీ ‘నేరము-శిక్ష’. అట్ట లేదు. పేజీలు అప్పడాల్లా పెళపెళలాడుతున్నాయి. నేను చదివి అప్పకిచ్చాను.

1866 నాటి నవల. ఆరు భాగాలూ, ఓ ఉపసంహారం. వడ్డీవ్యాపారం చేసే ముసలామెని ఓ కుర్రాడు గొడ్డలితో చంపడం మొదటి భాగంలోనే అయిపోతుంది. “చంపినోడెవడో తెలిసిపోయాక ఇంకేటి చదవాలే?” అని విసుక్కుంది అప్ప. మూడోరోజుకి పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా తల ఎత్తలేదు. “ఆ కుర్రోడికి జొరం వొస్తే నాకూ ఒళ్లు కాలిపోతున్నట్టుందే!”

పక్కింటి మేష్టారికేమో దర్యాప్తు చేసే పోర్ఫిరీ తెగ నచ్చేశాడు. అనుమానం ఉన్నా అరెస్టు చెయ్యడు, కూచోబెట్టి కబుర్లు చెప్తాడు. “కాపీ కొట్టినోణ్ణి నేనూ ఇలాగే పట్టేవోణ్ణమ్మా” అన్నారు. నాకైతే ఆ పోర్ఫిరీ నవ్వు చూస్తేనే ఒళ్లు మండింది.

మాకంటే ముందు చదివినవాళ్లెవరో ఓ పేజీ అంచున పెన్సిల్‌తో ‘చెప్పీ, చెప్పీ’ అని రాశారు. దాని కింద అప్ప ‘చెప్పొద్దు’ అని రాసింది, పెన్నుతో!

పుస్తకం ఇప్పుడు పెద్దచెరువు వేపుండే స్నేహితురాలి దగ్గరుంది. రెండ్రోజులుగా ఫోనెత్తడం లేదు.