పాబ్లో హనీకి మరోసారి చెవి ఒగ్గి

మన హాస్టల్లో 1998లో నేను రేడియోహెడ్ అనే ఇంగ్లండు రాక్ బృందాన్ని వినడం మొదలుపెట్టింది వారి మూడవ ఆల్బమ్ ‘ఓకే కంప్యూటర్’తో. ఆ మైకంలోనే వారి తొలి ఆల్బమ్ ‘పాబ్లో హనీ’ని కూడా సంపాదించి, రెండుసార్లు విని, ‘క్రీప్’ అనే పాట తప్ప ఇందులో ఏమీ లేదని గదిలో అందరి ముందూ తేల్చేసి, ఆ క్యాసెట్టును ట్రంకుపెట్టె అడుగున పడేశాను. ఈ సంచికకు ఏదైనా వ్రాయమని మిత్రులు అడిగినప్పుడు మొదట గుర్తుకొచ్చినది ఆ క్యాసెట్టే. గత నెలలో అందులోని పన్నెండు పాటలనూ వరుసగా ఐదారుసార్లు విన్నాను.

బలహీనమైన ఆల్బమే, ఆ మాటను వెనక్కి తీసుకోను. ‘హౌ డు యూ’ ఉత్త అరుపు. ‘స్టాప్ విస్పరింగ్’ వింటుంటే ఐర్లండు రాక్ బృందం యూటూ నీడ కనబడుతూనే ఉంటుంది. అయితే ఆనాడు నేను ఆలోచించని సంగతి ఒకటుంది. రేడియోహెడ్‌లోని ఐదుగురూ ఇంగ్లండులోని ఆబింగ్డన్ పాఠశాలలో కలిసి చదువుకున్నవారు. బడి సంగీతపు గదిలో శుక్రవారాలు సాధన చేసేవారు కనుక తమ బృందానికి మొదట ‘ఆన్ ఎ ఫ్రైడే’ అనే పేరు పెట్టుకున్నారు. 1992లో సుమారు మూడు వారాల్లో రికార్డు చేసిన ఈ ఆల్బమ్ 1993 ఫిబ్రవరిలో వెలువడే నాటికి గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ వయస్సు 21 ఏళ్ళు, అంటే హాస్టల్లో తీర్పులు చెప్పిన నాకంటే ఏమంత పెద్దవాడు కాదు.

‘క్రీప్’లో పల్లవి అందుకోబోయే ముందు వినిపించే ఆ కరకు గిటారు దెబ్బ అతనిదే. పాట మరీ మెత్తగా ఉందని విసిగి, దాన్ని చెడగొట్టడానికి జానీ కొట్టిన దెబ్బ అది అని సహచరుడు ఎడ్ ఓబ్రియన్ చెప్పాడు. చెడగొట్టాలనుకున్న ఆ దెబ్బే పాటను నిలబెట్టింది.

నన్ను నిజంగా ఆపినది మాత్రం మొదటి పాట ‘యూ’. ఆరు మాత్రల నడకతో మూడు ఆవర్తాలు సాగి, నాలుగవ ఆవర్తంలో ఒక మాత్ర జారిపోయి ఐదే మిగులుతాయి. కాలు తడబడినట్లు అనిపించేలోగా పాట మళ్ళీ తన నడకను అందుకుంటుంది. చిన్ననాటి నుండి త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో నాన్నగారి పక్కన కూర్చుని తాళం వేసినవాడిని, ఇంత స్పష్టమైన లెక్క ఆనాడు నా చెవికి అందలేదంటే నేను ఆ క్యాసెట్టును వినలేదనే అర్థం. ‘ఓకే కంప్యూటర్’ కోసం వెదుకుతూ, అది దొరకలేదని కోపగించుకున్నాను.

చివరి పాట ‘బ్లో ఔట్’ గురించి కూడా చెప్పాలి. ఫిలిప్ సెల్వే డ్రమ్స్‌పై మెత్తగా, దాదాపు నాట్యానికి వాయించినట్లు మొదలుపెడతాడు. మధ్యలో గిటార్లు ఒకదానిపై ఒకటి పేరుకుంటూ పోయి, చివరికి పాట స్వరాలను విడిచి కేవలం ధ్వనిగా మారి పైకి లేస్తుంది. రెండేళ్ళకు వచ్చిన వారి రెండవ ఆల్బమ్ ‘ది బెండ్స్’కు దారి అక్కడే తెరుచుకుందని నాకు తోస్తున్నది. ఆ చివరి నిమిషాన్ని నిన్న రాత్రి కూడా రెండుసార్లు విన్నాను.