మేనకోడలి సికిల్ సెల్ మందు: ఆధారాలను తూచి చూసిన నా అనుభవం

మా అక్క కూతురికి సికిల్ సెల్ జబ్బు, అంటే ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి నొప్పులు తెచ్చే వంశపారంపర్య జబ్బు, ఉన్నదని, అదీ తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా సంక్రమించిన ఎస్‌ఎస్ రకమని, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో చేసిన రక్తపరీక్షను జిల్లా కేంద్రంలో సరిచూసిన తర్వాత తేలింది. నొప్పులు రేగినప్పుడల్లా ఇంజెక్షన్లతో సరిపెట్టడం చాలదని, ఇకపై రోజూ హైడ్రాక్సీయూరియా అనే మందు వేయాలని వైద్యుడు చెప్పారు. అది క్యాన్సర్‌కు వాడే మందని మందుల దుకాణంలో ఎవరో అనడంతో అక్కకు నిద్ర పట్టలేదు. "క్యాన్సర్ మందట కదా తమ్మీ, బడికి పోయే పిల్లకు రోజూ ఎట్ల ఇయ్యాలె?" అని ఆమె అడిగింది. ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రం చెప్పే నాకు, ఆమెకు ఇచ్చే జవాబు నేను స్వయంగా చదివి నిర్ధారించుకున్నదై ఉండాలనిపించింది.

మా ప్రాంతంలో ఈ జబ్బుకు సలహాలకు కొదవ లేదు. ప్రాణహిత అవతల ఒకాయన ఇచ్చే పసరుతో నొప్పులు పూర్తిగా పోయాయని బంధువులు చెప్పారు. వారు అబద్ధమాడుతున్నారని నేను అనుకోలేదు. అయితే ఈ జబ్బులో నొప్పి దానంతటదే రేగి, దానంతటదే తగ్గుతుంది. బాధ తారస్థాయికి చేరినప్పుడే ఎవరైనా కొత్త మందు కోసం పరుగెత్తుతారు కనుక, ఆ తర్వాత ఏది వేసినా, ఏమీ వేయకపోయినా, కొంత ఉపశమనం కనబడటం సహజం. అందువల్ల మందు వేసుకోని మరో బృందంతో పోల్చిన పరిశోధనలనే ముందుగా చదవాలని నిర్ణయించుకున్నాను. ఆంగ్లంలో నాకు చిక్కుపడిన చోటల్లా గ్రామీణ రుగ్ణాలయంలోని (ప్రభుత్వ ఆసుపత్రిలోని) యువ వైద్యురాలు మరాఠీలో ఓపికగా వివరించారు.

అన్నిటికీ మూలమనదగిన పరీక్ష 1995లో వెలువడింది. అమెరికా, కెనడాల్లోని 21 వైద్యకేంద్రాల్లో, అంతకుముందు ఏడాదిలో కనీసం మూడుసార్లు తీవ్రమైన నొప్పి వచ్చిన 299 మంది పెద్దవారిని చీటీలు తీసినట్టుగా రెండు బృందాలుగా విడదీసి, ఒక బృందానికి హైడ్రాక్సీయూరియా, మరొక బృందానికి అదే రూపంలో ఉన్న ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, చికిత్స చేసే వైద్యుడికీ తెలియదు. నొప్పి దాడుల మధ్యస్థ సంఖ్య ఏడాదికి ఉత్తుత్తి మందు బృందంలో 4.5 కాగా, అసలు మందు బృందంలో 2.5; ఊపిరితిత్తులకు వచ్చే ప్రమాదకరమైన ఛాతీ జబ్బు ఉత్తుత్తి మందు బృందంలో 51 మందికి రాగా, అసలు మందు బృందంలో 25 మందికే వచ్చింది. ప్రయోజనం స్పష్టంగా కనబడటంతో పరీక్షను అనుకున్న గడువుకు ముందే ఆపేశారు. ఇలా ముందే ఆపిన పరీక్షల్లో ప్రయోజనం ఉన్నదానికంటే కొంత పెద్దదిగా కనబడే వీలుంటుంది కనుక ఆ అంకెలను నేను కొంచెం తగ్గించే చదువుకున్నాను. అయినా ఇంత తేడా కేవలం యాదృచ్ఛికమని అనుకోలేకపోయాను.

అయితే వారంతా పెద్దవారు, మా పిల్ల చిన్నది. పసిపిల్లలపై జరిగి 2011లో ప్రచురితమైన బేబీ హగ్ పరీక్ష దగ్గర నేను చాలాసేపు ఆగాను. 9 నుంచి 18 నెలల వయసున్న 193 మంది పిల్లల్లో ప్లీహం, మూత్రపిండాల పనితీరును ఈ మందు కాపాడుతుందా అన్నది వారు ముందుగా ప్రకటించిన ప్రధాన ప్రశ్న. దానికి అనుకూలమైన జవాబు రాలేదు. నొప్పి ఘటనలు మాత్రం ఉత్తుత్తి మందు బృందంలో 375 కాగా అసలు మందు బృందంలో 177 మాత్రమే. ప్రధాన ప్రశ్న విఫలమైనప్పుడు పక్క ఫలితాలను ఎత్తిచూపడం అనుమానించదగినదే. కానీ ఇక్కడ ఆ పక్క ఫలితం అంతకుముందు పెద్దవారిలో రుజువైనదే కనుక దాన్ని నమ్మాను; అవయవాలను కాపాడుతుందన్న మాటను మాత్రం అక్కతో అనలేదు.

తర్వాతి ప్రశ్న మా నేలకు సంబంధించినది. గడ్చిరోలి మలేరియా ఉన్న జిల్లా. తెల్లకణాలను తగ్గించగల మందు వేస్తే జ్వరాలు ముదురుతాయేమోనన్న భయం సమంజసమే. ఉగాండాలో 208 మంది పిల్లలపై సరిగ్గా ఈ ప్రశ్నతోనే పరీక్ష జరిపి 2017లో ప్రచురించారు. మందు వేసుకున్న వారిలో మలేరియా పెరగలేదు. ఇక మన దేశపు రోగుల్లో చాలామందికి పుట్టుకనాటి హిమోగ్లోబిన్, అంటే ఈ మందు పెంచే పదార్థమే, సహజంగా కొంత ఎక్కువగా ఉంటుంది కనుక ఆఫ్రికా మూలాల రోగుల ఫలితాలు మనకు అలాగే వర్తిస్తాయని ముందే అనుకోకూడదు. ఈ కారణంగా నాగపూర్‌లో 60 మంది పిల్లలపై జరిగి 2012లో వెలువడిన పరీక్ష నాకు అమూల్యమనిపించింది. అది చిన్నదే, కానీ ఉత్తుత్తి మందుతో పోల్చినది. కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చిన తక్కువ మోతాదుతోనే నొప్పులు, రక్తమెక్కించవలసిన అవసరం తగ్గాయి.

అక్క అసలు భయానికి మాత్రం ఇంత గట్టి జవాబు దొరకలేదు. క్యాన్సర్ వంటి ఆలస్యపు హాని రెండేళ్ల పరీక్షలో బయటపడదు. 1995 నాటి రోగులను పదిహేడేళ్లకు పైగా గమనించినప్పుడు క్యాన్సర్ పెరిగినట్టు కనబడలేదు, మందు వాడినవారిలో మరణాలు తగ్గినట్టు కనబడింది. అయితే పరీక్ష ముగిశాక మందు వాడాలా వద్దా అన్నది ఎవరికి వారే నిర్ణయించుకున్నారు కనుక ఇది రెండో తరగతి ఆధారమే. ఆ తేడాను అక్కకు, బావకు దాచకుండా చెప్పాను. గర్భం దాల్చే వయసులో ఈ మందు విషయమై వైద్యుడితో విడిగా మాట్లాడాలని కూడా చెప్పాను.

ఈలోగా వోక్సెలోటర్ అనే కొత్త మందు తెప్పించుకోవచ్చేమోనని ఒక బంధువు అడిగారు. దానికి 2019లో అమెరికాలో అనుమతి లభించింది, కానీ హిమోగ్లోబిన్ పెరిగిందన్న ఆధారం మీద. నొప్పి తగ్గిందని రుజువు కాలేదు. నొప్పి దాడులు, మరణాల విషయంలో ఆందోళనకరమైన తేడా కనబడటంతో 2024 సెప్టెంబరులో దాన్ని అమ్ముతున్న సంస్థే ప్రపంచమంతటా ఉపసంహరించుకుంది. రక్తపరీక్ష కాగితం మీది అంకె మెరుగవడం వేరు, పిల్ల మంచం దిగి బడికి పోవడం వేరు అని నేను అందరితో గట్టిగా వాదించింది ఈ సందర్భంలోనే.

చివరికి అక్క, బావ ఒప్పుకున్నారు, పిల్లకు మందు మొదలైంది. వైద్యుడు చెప్పిన గడువుల్లో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పరీక్షిస్తున్నారు. ఆ తేదీలను ఆశా తాయి, అంటే మా ఊరి ఆశా ఆరోగ్య కార్యకర్త, గుర్తుచేస్తోంది. మోతాదు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. 2020లో ప్రచురితమైన ఉగాండా పరీక్షలో 187 మంది పిల్లల్లో స్థిరమైన మోతాదు కంటే క్రమంగా పెంచిన మోతాదే మెరుగని తేలింది. నాగపూర్ పిల్లలకు తక్కువ మోతాదే మేలు చేసింది. మా వైద్యుడు ప్రస్తుతం నాగపూర్ మోతాదుతో ఉంచి, నొప్పులు మళ్లీ తరచుగా వస్తే రక్తకణాల సంఖ్య చూసి పెంచుదామన్నారు.