నౌగటక్ నది ఒడ్డున ఫ్లూట్‌విల్

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రపు లిచ్‌ఫీల్డ్ ప్రయాణానికి ముందు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, హార్ట్‌ఫర్డ్‌కు చెందిన జార్జ్ కాట్లిన్ చేసినదని చెప్పే బాస్ క్లారినెట్‌ను చూశాను. మేపుల్ కొయ్యకు ఇత్తడి కీలు, అంటే రంధ్రాలను మూసి తెరిచే మీటలు, అమర్చిన ఆ వాద్యం ఆకారంలో బసూన్ అనే పొడవాటి ఊదుడు వాద్యాన్ని తలపిస్తుంది. ఆర్గాన్ లేని న్యూ ఇంగ్లండ్ చర్చిలలో కీర్తనలకు మంద్రస్థాయి తోడుగా ఇలాంటి వాద్యాలు మోగిన కాలమది. సైన్యానికీ ఊదేవారు కావలసి వచ్చేది. ప్రతి కంపెనీలో ఒక డోలు వాద్యకారుడు, ఒక ఫైఫ్ (చిన్న పిల్లనగ్రోవి) లేదా బ్యూగిల్ వాద్యకారుడు ఉండాలని 1792 నాటి అమెరికా మిలీషియా (పౌరసేన) చట్టమే నిర్దేశించింది.

మరునాడు కనెక్టికట్ కొండల్లో ఎర్రబారిన మేపుల్ చెట్ల మధ్యగా నౌగటక్ నది వద్దకు చేరాను. గడియారాలు చేసే ఏసా హాప్‌కిన్స్ 1829 ప్రాంతంలో ఫ్లూట్ల తయారీకి మళ్లి, ఈ నీటి బలంతో యంత్రాలు నడిపిన ఫ్లూట్‌విల్ ఇదే. కొయ్య గడియారపు పళ్ల చక్రాలను కొలత తప్పకుండా కోయగల చేతికి ఫ్లూట్ పని కొత్తదేమీ కాదని నాకు అనిపించింది.

ఆ సాయంత్రం పాత వాద్యాలు సేకరించే ఒకరు తన ఇంట్లో పాత ఫ్లూట్ ఒకటి నా చేతికిచ్చారు. నాలుగు ముక్కల బాక్స్‌వుడ్ అనే గట్టి కొయ్య, అతుకుల దగ్గర దారపు చుట్లు, కొయ్య పగలకుండా దంతపు పొన్నులు, చివరి ముక్కపై ఒకే ఒక ఇత్తడి కీ. ఆ పొన్నుల వెనుక ఏనుగుల ప్రాణాలున్నాయన్న బాధ నన్ను వదల్లేదు. వెదురుకు బోలు పుట్టుకతోనే వస్తుంది. ఇక్కడ గట్టి కొయ్యను ముందు సన్నగా తొలిచి, ఆరనిచ్చి, తర్వాత రీమర్ అనే గీకుడు పనిముట్టుతో లోపలి రంధ్రాన్ని కొసవైపు క్రమంగా సన్నబడేలా గీకాలి. తొందరపడితే కొయ్య వంకర పోతుంది, శ్రుతి చెడుతుంది. వెలుతురుకు ఎత్తి లోపలికి చూస్తే, ఆ వాలు ఎక్కడా తెగకుండా సాగడం స్పష్టంగా కనిపించింది. ఆ పనితనం ముందు పై మెరుగు నాకు ఆనలేదు.

అదే బల్లపై న్యూయార్క్ వ్యాపారులైన ఫర్త్, హాల్ అండ్ పాండ్ ముద్ర ఉన్న ఫ్లూట్ మరొకటి ఉంది. ఫ్లూట్‌విల్‌లో వాటా ఉన్న ఆ సంస్థ, అక్కడ తయారైన వాద్యాలను తన పేరుతో అమ్మింది. కొయ్యను తొలిచిన ఊరి పేరు కూడా ఆ ముద్ర కింద ఉండవలసిందని నా అభిప్రాయం.