ఆ పాయింటర్‌లో ఉన్నది నేను పంపిన అంకెలే

ఇంజనీరింగ్ రెండో ఏడాది సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ వైవాలో ఒక ప్రశ్న దాదాపు అందరికీ పడేది. మెమరీలో ఒక చోటి అడ్రస్‌ను దాచుకునే వేరియబుల్, అంటే పాయింటర్, డిక్లేర్ చేసి విలువ ఇవ్వకపోతే అందులో ఏముంటుంది? "గార్బేజ్ వాల్యూ సార్" అనేవాళ్ళం. సార్ తలూపేవారు, తర్వాతి రోల్ నంబర్ పిలిచేవారు. ఆ గార్బేజ్, అంటే ఆ అర్థంలేని విలువ, ఎక్కడినుంచి వస్తుందని సార్ అడగలేదు, మేమూ అడగలేదు. గత ఏడాది ఆ ప్రశ్న నా ముందుకొచ్చి కూర్చుంది.

హైదరాబాద్‌లో నేను పనిచేసే చోట కరెంటు మీటర్ల నుంచి రీడింగులు అందుకునే సర్వర్ ప్రోగ్రామ్ ఒకటుంది. లినక్స్ మీద నడిచే పాత సీ కోడ్. కస్టమర్ల దగ్గర వారానికి ఒకటి రెండుసార్లు పడిపోయేది, దానంతటదే మళ్ళీ లేచేది. "రీస్టార్ట్ అవుతోంది కదమ్మా, ఈ రిలీజ్ అయ్యాక చూద్దాం" అన్నారు మా లీడ్. నాకు మనసొప్పలేదు. పడిపోయిన క్షణంలో ప్రోగ్రామ్ మెమరీలో ఏముందో దాచే కోర్ డంప్ ఫైలు ఒకటి తెప్పించుకుని, జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచాను. పడిపోయింది, కేటాయించిన మెమరీని విడుదల చేసే ఫ్రీ ఫంక్షన్‌లో. ఎక్కడా కేటాయించని అడ్రస్‌ను విడుదల చేయబోయి చచ్చిపోయింది.

మా మెషీన్లలో మాత్రం ఒక్కసారీ పడలేదు. తప్పులు వెతకడానికి వాడే డీబగ్ బిల్డ్‌లో రోజంతా నడిపినా సరే. కస్టమర్లకు పంపే, వేగం కోసం ఆప్టిమైజ్ చేసిన బిల్డ్ తీసుకుని, సగంలో తెగిన మెసేజ్ పంపితే అప్పుడు పడింది. ఏ విలువ వస్తోందో చూద్దామని, దాన్ని తెరమీద రాసే ప్రింట్‌ఎఫ్ లైను ఒకటి పెట్టాను. మళ్ళీ మాయం! ఆ లైను చేరేసరికి, ఫంక్షన్లు తమ లోకల్ వేరియబుల్స్ పెట్టుకునే మెమరీలో, అంటే స్టాక్‌లో, వేరియబుల్స్ జాగాలు మారిపోయి, పాయింటర్ ఉన్న చోట సున్నా పడింది. సున్నాను ఫ్రీ చేస్తే ఏమీ జరగదని సీ ప్రమాణమే చెబుతుంది. అలా తప్పు కళ్ళెదుటే ఉండి కూడా కనపడకుండా పోయింది.

ప్రింట్‌ఎఫ్ తీసేసి, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే టూల్ కింద నడిపాను. విలువ ఇవ్వని చోటు ఎక్కడ పుట్టిందో వెనక్కి వెళ్ళి చూపించే ఆప్షన్ దానికుంది. నడక బాగా నెమ్మదిస్తుంది, టీ తాగి వచ్చినా అవలేదు. చివరికి ఫంక్షన్ పేరు, లైను నంబరుతో సహా చెప్పింది. ఫంక్షన్ మొదట్లో ఒక పాయింటర్ డిక్లేర్ చేశారు. తర్వాత మెసేజ్ పొడవు సరిపోయిందా అని చూస్తారు. సరిపోతే మెమరీ కేటాయిస్తారు, లేకపోతే గోటూతో నేరుగా చివరికి దూకుతారు. అక్కడ ఫ్రీ ఉంది. తెగిన మెసేజ్ వచ్చినప్పుడు ఆ పాయింటర్‌కు ఇంకా ఏ విలువా అందలేదు.

ఇక్కడితో ఫిక్స్ పెట్టేసి లేవొచ్చు. కానీ ఆ అడ్రస్ ఏమిటో చూడాలనిపించింది. ప్రింట్‌ఎఫ్ లేకుండా అదే బిల్డ్‌ను జీడీబీలో ఆపి చూశాను. ఎనిమిది బైట్లు: 38 37 36 35 34 33 32 31. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. హెక్సాలో 31 అంటే '1' అనే అక్షరం, 32 అంటే '2'. చివరి బైట్ నుంచి మొదటికి చదివితే 12345678. టెస్ట్ మెసేజ్‌లో మీటర్ సీరియల్ నంబరుగా నేను టైప్ చేసిన అంకెలు అవి!

దీనికి ముందు నడిచిన ఫంక్షన్ సీరియల్ నంబరును తన లోకల్ అరేలోకి కాపీ చేసుకుంది. అది తిరిగి వెళ్ళిపోయాక స్టాక్‌ను ఎవరూ తుడవరు. ఖాళీ చేసిన అద్దె గదిలో పాతవాళ్ళ సామాను ఉండిపోయినట్టు ఆ బైట్లు అక్కడే ఉన్నాయి. తర్వాతి ఫంక్షన్ అదే జాగాలో దిగింది, దాని పాయింటర్ సరిగ్గా ఆ అంకెల మీద పడింది.

నా ఒళ్ళు చల్లబడింది. మా సర్వర్ మెసేజ్‌లు అందుకునే నెట్‌వర్క్ పోర్టుకు చేరగలిగినవాళ్ళు ఎవరైనా సీరియల్ నంబరు చోట తమకు కావలసిన అడ్రస్ రాసి, మెసేజ్‌ను సగంలో తెంపితే చాలు, మా ప్రోగ్రామ్ ఆ అడ్రస్‌ను ఫ్రీ చేస్తుంది. వాడుకలో ఉన్న మెమరీని అలా విడుదల చేయించగలిగితే, అదే జాగా ఇంకో మెసేజ్‌కు కేటాయింపుగా వెళ్తుంది. ఒకే జాగాకు ఇద్దరు యజమానులు, అందులో ఒకరు దాడి చేసేవాడు. అడ్రస్‌లను ప్రతిసారీ మార్చే ఏఎస్ఎల్ఆర్ అడ్డుపడుతుంది, నిజమే. కానీ ఇంకెక్కడైనా ఒక్క అడ్రస్ బయటికి పొక్కితే ఆ అడ్డు పల్చబడిపోతుంది.

మా లీడ్‌కు చూపించడానికి వెళ్ళేముందు ఇలాంటిది బయట జరిగిందేమో వెతికాను. విండోస్ మెషీన్లతో ఫైళ్ళు పంచుకోవడానికి లినక్స్‌లో వాడే సాంబాలో 2015 ఫిబ్రవరిలో బయటపెట్టిన లోపం, భద్రతా లోపాల జాబితాలో సీవీఈ 2015-0240, అచ్చం ఇదే. లాగిన్‌లు చూసుకునే నెట్‌లాగాన్ కోడ్‌లో విలువ ఇవ్వని పాయింటర్‌ను విడుదల చేసే ఫంక్షన్‌కు అందించారు. లాగిన్ కూడా అవసరం లేకుండా, రూట్ హక్కులతో, అంటే మెషీన్ మీద పూర్తి అధికారంతో, నడిచే సర్వర్‌లో దాడి చేసేవాడి కోడ్ నడిచే అవకాశం. మరమ్మతు ఏమిటంటే, డిక్లేర్ చేసే చోట ఆ పాయింటర్‌ను నల్, అంటే సున్నా, చేయడం. 2009లో, లాగిన్‌లను ధ్రువీకరించే ఎంఐటీ కెర్బెరాస్‌లోనూ, తప్పుడు డేటా వస్తే విలువ ఇవ్వని పాయింటర్‌ను ఫ్రీ చేసే లోపమే దొరికింది.

మా లీడ్ స్క్రీన్ మీద అంకెలు చదివారు, సీరియల్ నంబరు మార్చి తనే ఒకసారి పంపారు. కొత్త అంకెలు పాయింటర్‌లో కనబడ్డాయి. "రిలీజ్ ఆపుదాం" అన్నారు.

మా ఫిక్స్ కూడా ఒక్క మాటే, ఈక్వల్ టు నల్. మిగతా కోడ్ వెతకడానికే రెండు వారాలు పట్టింది. విలువ ఇవ్వని వేరియబుల్స్ గురించి మేం వాడే కంపైలర్ జీసీసీ హెచ్చరిస్తుంది, కానీ బిల్డ్ ఎలా చేయాలో రాసి ఉండే మా మేక్‌ఫైల్‌లో ఎప్పుడో ఎవరో ఆ హెచ్చరికను ఆపేశారు. తిరిగి పెడితే వందకు పైగా వచ్చాయి. ఎక్కువ భాగం నిజమైన తప్పులు కావు, అందుకే విసిగి ఆపి ఉంటారు. అన్నిటికీ గుడ్డిగా సున్నా పెట్టేద్దామని ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. 2006లో డెబియన్ లినక్స్‌లో వాల్‌గ్రైండ్ హెచ్చరికలు పోగొట్టడానికి ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో లైన్లు తీసేస్తే, 2008 దాకా అక్కడ తయారైన రహస్య కీలు ఊహించగలిగేవిగా మారాయి. హెచ్చరికను చదవాలి, తర్వాతే చెయ్యి పెట్టాలి. ఒక్కొక్కటీ చదివితే ఇలాంటివి ఇంకో ఆరు దొరికాయి. ఆరూ ఎర్రర్ దారుల్లోనే.

హెచ్చరికలన్నీ చదివాక, కంటపడనివి ఏవైనా మిగిలితే వాటికి అడ్డుగా కంపైలర్‌ను కూడా మార్చాం. జీసీసీ 12 నుంచి లోకల్ వేరియబుల్స్ అన్నిటికీ తనే సున్నా నింపే ఆప్షన్ వచ్చింది, క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌లోనూ అలాంటిదుంది. దాని వల్ల వేగం ఏమైనా తగ్గిందా అని కొలిచాం. మా ప్రోగ్రామ్‌లో తేడా తెలియనే లేదు.

ఆ తెగిన మెసేజ్‌ను దాచి ఉంచాను. ఇప్పుడది రోజూ రాత్రి టెస్టుల్లో నడుస్తుంది: ముందు 12345678, తర్వాత సగంలో ఆగిపోయిన రీడింగు. "పొడవు సరిపోలేదు" అని లాగ్‌లో ఒక లైను పడుతుంది, సర్వర్ తర్వాతి మీటర్‌కు వెళ్తుంది. పొద్దున్నే వచ్చి ముందుగా ఆ లైనే చూస్తాను.